చేతులు కట్టుకున్న డ్రమ్మర్

ఘటం వాయించేవాడి చేతులు కచేరీలో చాలాసేపు ఖాళీగానే ఉంటాయి. గాయకుడు రాగం ఎత్తుకుంటే ఆ ఇరవై నిమిషాలూ మాకు పని లేదు. వయొలిన్ ఆయన తన వంతు రాగం వాయిస్తున్నప్పుడూ లేదు. కీర్తన మొదలయ్యాక కూడా పల్లవి దగ్గర చాలాసార్లు మృదంగం ఒక్కటే నడుస్తుంది. మృదంగం ఆయన ఇటు తిరిగి తల ఊపితేనే మేము అందుకోవాలి. కుండ ఒళ్లో పెట్టుకుని, మూతి పొట్టకు ఆనించి, అరచేతులు దాని పక్కల మీద ఊరికే ఉంచి కూర్చోవడం. ముప్ఫై ఏళ్లుగా నేను అన్నిటికంటే ఎక్కువ సాధన చేసింది దీన్నే.

ఈ సంగతి నాకు గౌరవంగా అనిపించేలా చేసింది మా సంగీతం కాదు. ఇంగ్లండులో పుట్టిన ఒక రాక్ బ్యాండు.

డిగ్రీ రోజుల్లో హాస్టల్లో పక్కగది మిత్రుడు ఒక రాత్రి వాక్‌మన్ నా చేతికిచ్చి, ‘నువ్వు తాళం మనిషివి కదా, ఇదెన్నో చెప్పు’ అన్నాడు. రాక్ అంటే నాలుగు దెబ్బల తాళం, దాని మీద గిటారు రొద అనుకుంటున్న వయసు నాది. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. ఏడు వచ్చింది. మన మిశ్రచాపే! మళ్లీ లెక్కపెడితే పదమూడు వచ్చింది. మూడోసారి రెండూ వినిపించాయి. కేసెట్టు మీద కింగ్ క్రిమ్సన్ అని బాల్‌పెన్నుతో రాసి ఉంది. దాన్ని నేను తిరిగి ఇవ్వలేదు.

వాళ్లు మొదటిసారి కూర్చుని సాధన చేసింది లండన్‌లో ఫుల్హామ్ ప్రాంతంలోని ఒక కెఫే కింది నేలమాళిగలో, 1969 జనవరి 13న. గిటారు రాబర్ట్ ఫ్రిప్, సాక్సఫోనూ ఫ్లూటూ ఇయాన్ మెక్‌డొనాల్డ్, పాటా బేసూ గ్రెగ్ లేక్, డ్రమ్స్ మైకేల్ జైల్స్. పాటలు రాయడానికీ వేదిక మీద లైట్లు నడపడానికీ పీటర్ సిన్‌ఫీల్డ్. ఆరు నెలలు తిరక్కుండానే, జులై 5న, హైడ్ పార్కులో రోలింగ్ స్టోన్స్ ఉచిత కచేరీకి వచ్చిన లక్షల మంది ముందు వాయించారు. అక్టోబరులో మొదటి ఆల్బమ్ వచ్చింది. దాని అట్ట మీద నోరు తెరిచి అరుస్తున్న ఎర్రటి ముఖాన్ని గీసింది బారీ గాడ్‌బర్ అనే కంప్యూటర్ ప్రోగ్రామర్. నాలుగు నెలలకే గుండెపోటుతో పోయాడు, 24 ఏళ్లకే.

ఆ ఆల్బమ్ మొదటి పాట మధ్యలో ఒక చోటుంది. గిటారు, సాక్సఫోను, బేసు, డ్రమ్స్ నాలుగూ ఒకే పలుకుని ఒకే వేగంతో పరిగెత్తించి టక్కున ఆపుతాయి. చిన్న ఖాళీ. మళ్లీ పరుగు. కచేరీలో తాళవాద్యాలకే వదిలిన తని ఆవర్తనం చివర మృదంగం, ఘటం, కంజిర కలిసి ముక్తాయి వేస్తే సభ ఊపిరి బిగబట్టినట్టుంటుందే, అచ్చం అదే. ఆ ఖాళీలో ఒక్కరి వేలు జారినా పాట కూలిపోతుంది.

మెక్‌డొనాల్డ్ వాయించిన మెలోట్రాన్ గురించి కూడా చెప్పాలి. చూడ్డానికి హార్మోనియం మెట్లున్న పెట్టె. ప్రతి మెట్టు కిందా ఒక టేపు ముక్క ఉంటుంది. నొక్కితే ఎవరో ఎప్పుడో వాయించి రికార్డు చేసిన వయొలిన్ల స్వరమో ఫ్లూటు స్వరమో మోగుతుంది. దాదాపు 8 సెకన్లే. తర్వాత టేపు అయిపోతుంది, స్వరం తెగిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని మొదటికి లాగుతుంది. కరెంటు కాస్త హెచ్చుతగ్గులైతే శ్రుతి కూడా కదులుతుంది. అంటే దాన్ని వాయించేవాడికి ప్రతి స్వరం ఎప్పుడు చచ్చిపోతుందో ముందే తెలుసు. తెగకముందే వేలు ఎత్తి ఇంకో మెట్టు మీదికి పోవాలి. ఆ పాటల్లో కనిపించే దిగులులో కొంత ఈ యంత్రం ఇచ్చిందేనని నా నమ్మకం.

ఏడాది గడవకముందే ఆ బృందం విరిగింది. అమెరికా యాత్రలో డిసెంబరు నెలలో మెక్‌డొనాల్డ్, జైల్స్ వెళ్లిపోతామన్నారు. ‘అయితే నేను తప్పుకుంటాను, మీరుండండి’ అని ఫ్రిప్ అడిగాడు. తాను పోయినా బ్యాండు ఉండాలని అతని ఆరాటం. వాళ్లు ఒప్పుకోలేదు. మరుసటి ఏడు లేక్ కూడా వెళ్లిపోయాడు. తర్వాతి మూడు ఆల్బమ్‌లూ వచ్చేపోయే మనుషుల మధ్య తయారైనవి. వాటిని నేను అరుదుగా వింటాను. కానీ బేసు వాయించేవాడు దొరక్కపోతే బాజ్ బరెల్ అనే గాయకుడికి ఫ్రిప్ తానే కూర్చుని బేసు నేర్పాడన్న సంగతి మాత్రం నాకెంతో ఇష్టం.

1972లో బిల్ బ్రూఫర్డ్ వచ్చాడు. అప్పటికి యెస్ అనే బ్యాండులో డ్రమ్మరు. ఆ బ్యాండు పేరు మారుమోగుతున్న సమయంలో, దాన్ని వదిలి ఇటొచ్చాడు. చెయ్యి మెరుపులాంటిది, ఆ సంగతి అతనికీ తెలుసు. అతనితోపాటు జేమీ మ్యూర్ అనే తాళవాద్యకారుడు చేరాడు. మ్యూర్ రేకులు, గొలుసులు, గంటలు, దొరికినదల్లా మోగించేవాడు, వేదికంతా తిరిగేవాడు. ఒక ఆల్బమ్ చేసి, అది బయటికి రాకముందే బ్యాండు వదిలి, స్కాట్లండులో ఒక బౌద్ధ మఠానికి వెళ్లిపోయాడు. ఉన్న కొద్ది నెలల్లో బ్రూఫర్డ్‌కి ఒక మాట చెప్పాడట. నువ్వు సంగీతానికి సేవ చేయడానికున్నావు కానీ, సంగీతం నీ సేవకు లేదని. ఆ మాట తనను మార్చేసిందని బ్రూఫర్డ్ తర్వాత చెప్పుకున్నాడు.

ఎంత మార్చిందో 1973 నవంబరు 23న ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్‌సర్ట్‌ఖెబౌ అనే పెద్ద సంగీత మందిరంలో తెలిసింది. ఆ రాత్రి కచేరీ మధ్యలో ఏ పాటా అనుకోకుండా మనోధర్మంలోకి దిగారు. డేవిడ్ క్రాస్ వయొలిన్ మీద సన్నగా ఒక పలుకు ఎత్తాడు. జాన్ వెటన్ బేసు మీద దానికి కింద నిలబడ్డాడు. ఫ్రిప్ గిటారు పక్కనబెట్టి మెలోట్రాన్‌లోని ఫ్లూటు స్వరాలు అందుకున్నాడు. బ్రూఫర్డ్ డ్రమ్స్ వెనక కూర్చుని వింటున్నాడు. ఎక్కడ అందుకోవాలా అని చూశాడు. తర్వాత రెండు కర్రలూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, చేతులు కట్టుకుని ఉండిపోయాడు. దాదాపు ఐదున్నర నిమిషాలు. ఒక్క దెబ్బ లేదు.

మరుసటి ఏడు వచ్చిన ఆల్బమ్‌లో, చప్పట్లు తీసేసి, ఆ రికార్డింగునే పెట్టుకున్నారు. పేరు ట్రయో, ముగ్గురి వాద్యం అని. కర్తలుగా మాత్రం నాలుగు పేర్లు వేశారు. నాలుగో పేరు బ్రూఫర్డ్‌ది. వాయించకూడదన్నది అతను తీసుకున్న నిర్ణయం, ఆ పాట రూపం దాని వల్లే వచ్చింది, కాబట్టి రచనలో అతనికీ సమాన భాగం ఉందని మిగతావాళ్లు ఒప్పుకున్నారు. నాకు తెలిసి ఒక తాళవాద్యకారుడికి ఇంతకు మించిన సన్మానం లేదు.

ఇది చదివిన రోజు నాకు రెండు సంఘటనలు గుర్తొచ్చాయి. మొదటిది నా తప్పు. కచేరీలకు కొత్తగా వెళ్తున్న రోజుల్లో, ఒక విళంబకాల కీర్తనలో మృదంగం ఆయన సైగ కోసం ఆగలేక పల్లవిలోనే అందుకున్నాను. తాళం తప్పలేదు, శ్రుతి తప్పలేదు. కానీ గాయని గొంతు చుట్టూ ఉన్న చోటంతా నేను నింపేశాను. మా గురువుగారు ముందు వరసలో ఉన్నారు. ఇంటికొచ్చే దారిలో ఒక్క మాటా అనలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, ‘నీకు వినపడుతోందా అసలు?’ అని లోపలికి వెళ్లిపోయారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రెండోది మరో ఊళ్లో జరిగింది. కచేరీ అయ్యాక నిర్వాహకుడు నాకిచ్చిన కవరు మిగతావాళ్ల కవర్ల కంటే బాగా పల్చగా ఉంది. ‘మీరు వాయించింది సగం సేపే కదండీ’ అన్నారాయన, ఏ మాత్రం దురుద్దేశం లేకుండా, లెక్క చెబుతున్నట్టు. నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది. ఆ మిగతా సగం కూడా నేను చేసిన పనే అని ఎలా చెప్పాలో తెలియలేదు. ఇప్పుడైతే ఆమ్‌స్టర్‌డామ్ సంగతి చెబుతాను.

1974లో, రెడ్ అనే ఆల్బమ్ బజారులోకి వచ్చే ముందు, ఫ్రిప్ బ్యాండు ముగిసిందని ప్రకటించాడు. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఆ ఆల్బమ్ చివరి పాట స్టార్‌లెస్ 12 నిమిషాలుంటుంది. నడిమధ్యలో గిటారు ఒకే స్వరాన్ని పట్టుకుని, పదమూడు మాత్రల ఆవర్తనం మీద, ఒక్కో మెట్టే పైకి జరుగుతుంది. బ్రూఫర్డ్ మొదట అక్కడక్కడా ఒక చప్పుడు విడుస్తాడు. నిమిషాలు గడిచేకొద్దీ అవి దగ్గరవుతాయి. ఆ పాటను నేను శిష్యులకు వినిపిస్తాను, డ్రమ్స్ పూర్తిగా నడక అందుకునేదాకా ఎవరూ కదలవద్దని చెప్పి.

ఏడేళ్ల తర్వాత, 1981లో, ఫ్రిప్ బ్రూఫర్డ్‌తో పాటు ఆడ్రియన్ బెల్యూ, టోనీ లెవిన్ అనే ఇద్దరు అమెరికన్లను కూర్చి మళ్లీ మొదలుపెట్టాడు. పాత పాటల ఛాయలు దాదాపు లేవు. బ్రూఫర్డ్‌ని సింబల్స్ వీలైనంత మానుకోమన్నాడు. మృదంగం ఆయన్ని చాపు దెబ్బ వాడవద్దనడం లాంటిది ఇది. చెయ్యి దానంతటదే పోయే చోటికి పోనివ్వకపోవడం. బ్రూఫర్డ్ కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ డ్రమ్ములు తెచ్చుకుని, నడకంతా తిరిగి కట్టుకున్నాడు.

హాస్టల్లో నేను విన్న పాట ఈ కాలంలోదే. ఫ్రేమ్ బై ఫ్రేమ్. రెండు గిటార్లూ ఏడు స్వరాల ఒకే పలుకును కలిసి వాయిస్తుంటాయి. ఉన్నట్టుండి వాటిలో ఒకటి, రెండేసి ఆవృత్తాలకొకసారి, ఒక స్వరం వదిలేస్తుంది. ఏడూ ఆరూ పదమూడు. రెండోది తన ఏడు మీదే ఉంటుంది. ఇక రెండూ జరగడం మొదలవుతుంది. ముందు ప్రతిధ్వనిలా, తర్వాత పోట్లాటలా, ఆ తర్వాత మళ్లీ ప్రతిధ్వనిలా. పదమూడో ఎక్కంలో ఏడో వరుస గుర్తు చేసుకోండి. తొంభై ఒకటి. ఒకరు పదమూడు ఏడులు, ఇంకొకరు ఏడు పదమూడులు పూర్తి చేసేసరికి లెక్క ఒకే చోటికొస్తుంది. దీన్ని నేనూ ఒక శిష్యుడూ నోటితో సాధన చేస్తాం. వాడు ‘తకిట తకధిమి’ ఆపకుండా అంటాడు. నేను ‘తకిట తకధిమి, తకిట తకిట’ అంటాను. నాలుగో ఆవర్తనం దగ్గర ఇద్దరికీ చెమటలు పడతాయి. పక్కవాడి ఏడును వింటూనే నా పదమూడును వదలకూడదు. చెవులు మూసుకుంటే సులువే, కానీ అప్పుడది సంగీతం కాదు.

తర్వాతి ముప్ఫై ఏళ్లను త్వరగా చెబుతాను. 1984లో మళ్లీ ఆపారు. 1994లో ఆరుగురితో వచ్చారు, ఇద్దరు డ్రమ్మర్లు. 2003లో ఆఖరి స్టూడియో ఆల్బమ్, మొత్తం పదమూడు. మనుషులు ఇరవైకి పైగా మారారు, అన్ని రూపాల్లోనూ ఉన్నది ఫ్రిప్ ఒక్కడే. అతని కటువుదనం చాలామందిని నొప్పించింది. దాన్ని నేను వెనకేసుకురాను. కానీ బాగా అలవాటైపోయిన చోటును ప్రతిసారీ వదిలేసిన అతని తెగువను కాదనలేను.

2014లో ఏడుగురితో చివరి రూపం వచ్చింది. ఎప్పుడూ వెనక కూర్చునే డ్రమ్స్‌ను వేదిక ముందుకు తెచ్చారు. ముగ్గురు డ్రమ్మర్లు ముందు వరసలో, మిగతావాళ్లంతా వెనక ఎత్తు మీద. ముగ్గురూ ఒకేసారి మోదితే రొద. అందుకే ఒక నడకను విడదీసి, ఒకరి దెబ్బ ఇంకొకరి ఖాళీలో పడేలా పంచుకున్నారు. ఆ ముగ్గురిలో బిల్ రీఫ్లిన్ కొంతకాలం సెలవు తీసుకున్నాడు. ఆ చోటికి వేరొకరు వచ్చారు. తిరిగొచ్చాక రీఫ్లిన్ కర్రలు అడగలేదు. కీబోర్డు ముందు కూర్చున్నాడు. ఒంట్లో క్యాన్సరు. 2020 మార్చిలో, 59 ఏళ్లకు పోయాడు. ఆఖరి యాత్రల వీడియోల్లో అతని ముఖం చూస్తుంటాను. తన వంతు లేనప్పుడు కూడా అలాగే నిండుగా వింటూ ఉంటాడు.

2021 డిసెంబరు 8న టోక్యోలో ఆఖరి కచేరీ. ఆఖరి పాట స్టార్‌లెస్.

పోయిన నెల మా శిష్యుడి కచేరీకి వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. గాయకుడు కాంభోజి ఎత్తుకుని పాతిక నిమిషాలు పాడాడు. నేను మావాడి చేతులే చూస్తున్నాను. కుండ పక్కల మీద రెండు అరచేతులూ కదలకుండా ఉన్నాయి. వయొలిన్ వంతు వచ్చినప్పుడు మెడ కొద్దిగా అటు తిరిగింది, అంతే. కీర్తనలో మృదంగం ఆయన తల ఊపాక కూడా ఒక అక్షరం ఆగి అందుకున్నాడు.

అయ్యాక కుండకు గుడ్డ చుడుతూ, ‘ఎలా ఉంది గురువుగారూ?’ అని అడిగాడు. ‘కాంభోజిలో చాలా బాగా చేశావురా’ అన్నాను. చరణంలో కాస్త తొందరపడ్డాడు. అది దారిలో చెప్పాను.