ఇంజిన్ తెరవడానికి ముందు

చదరంగంలో శిఖరానికి చేరినవాళ్లు ఇంకా ఏం నేర్చుకుంటారని అడిగితే, కొత్త ఓపెనింగులు అని ఠక్కున జవాబొస్తుంది. కంప్యూటర్ చూపిన ఎత్తులు ఇరవై దాకా బట్టీపట్టి వచ్చి బోర్డు ముందు కూర్చుంటారని మనలో చాలామంది ఊహ. ఆ కసరత్తు ఉన్నమాట నిజమే. ఎదుగుదలకు అసలు మూలం మాత్రం అది కాదని నా నమ్మకం. తన అంచనా ఎక్కడ దెబ్బతిందో తానే వెతికి పట్టుకుని, అవసరమైతే అలవాటైన ఆటనే వదులుకోగలగడం పెద్ద ఆటగాళ్ల చదువు. సోవియట్ యూనియన్‌కు చెందిన ప్రపంచ ఛాంపియన్ మిఖాయిల్ బోట్విన్నిక్ ఆటగాడు తన గేములను తానే విశ్లేషించి అచ్చువేయించాలనేవాడు. అప్పుడైతే పొరపాటును పదిమంది ఎత్తిచూపుతారు, కప్పిపుచ్చుకునే వీలుండదు. 1960లో ఇరవై మూడేళ్ల తాల్ చేతిలో 12.5–8.5తో ప్రపంచ కిరీటం పోగొట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి, యాభైకి దగ్గరపడిన వయసులో, అదే తాల్‌ను 13–8తో ఓడించాడు. రెండోసారి తాల్ ఆరోగ్యం బాగాలేదన్నది నిజమే, దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిందే. కానీ అయిదు పాయింట్ల తేడాకు అదొక్కటే కారణమంటే ఒప్పుకోలేను. ప్రత్యర్థికి నచ్చే కలగాపులగపు పొజిషన్లలోకి తాను ఎందుకు జారిపోయాడో బోట్విన్నిక్ ఆ ఏడాదిలో తెలుసుకున్నాడు.

ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం 2008లో బాన్ నగరంలో దొరుకుతుంది. విశ్వనాథన్ ఆనంద్‌కు అప్పుడు 38 ఏళ్లు. తెల్లపావులొస్తే రాజు ముందరి బంటును జరపడం ఆయన చిన్ననాటి నుంచి ప్రధానంగా నమ్ముకున్న మొదలు. రష్యా ఆటగాడు క్రామ్నిక్‌తో ప్రపంచ టైటిల్ పోరు రెండో గేమ్‌లో ఆయన మంత్రి ముందరి బంటును రెండు గళ్లు జరిపాడు. అది క్రామ్నిక్ సొంత ఇలాకా. పైగా నల్లపావులతో మూడు, ఐదు గేములను ఒకే పదునైన వరుసలో గెలిచి, 6.5–4.5తో టైటిల్ నిలబెట్టుకున్నాడు. ఇది బట్టీ విజయమే కదా అనవచ్చు. అయితే జ్ఞాపకం గురించి మనస్తత్వ శాస్త్రవేత్తలు చేజ్, సైమన్ 1973లో ప్రచురించిన ప్రయోగం గుర్తుచేసుకోవాలి. నిజమైన గేమ్‌లోని పొజిషన్‌ను కొద్ది సెకన్లు చూపిస్తే మాస్టర్లు చాలావరకు తిరిగి పేర్చారు. అవే పావులను అడ్డదిడ్డంగా పరిచి చూపిస్తే కొత్తవాళ్లకూ వాళ్లకూ తేడా దాదాపు లేకుండా పోయింది. అర్థం తెలిసినదే వాళ్ల తలలో నిలిచింది. ఆనంద్ కొత్త ఓపెనింగ్‌ను గుర్తుపెట్టుకోగలిగాడంటే, ముందు ఆ పొజిషన్లలో ఎలా ఆలోచించాలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాడన్నమాట.

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. మనిషి కన్నా ఎన్నో రెట్లు బాగా ఆడే చెస్ ప్రోగ్రామ్, అంటే ఇంజిన్, ఫోన్‌లోనే ఉండగా, తప్పును సొంతంగా వెతకడం కాలయాపన కాదా? ఇంజిన్ల వల్ల మేలు జరగలేదని ఎవరూ అనలేరు. ఆల్ఫాజీరో అనే ప్రోగ్రామ్ ఆడిన గేములు బయటికొచ్చాక అంచు బంటును ప్రత్యర్థి రాజు మీదికి తోసే ఆలోచనను అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సెన్ అంతటివాడు ఒంటబట్టించుకున్నాడు. అయితే ఆయన తీసుకున్నది ఒక ఆలోచనను. సరైన ఎత్తేదో ఇంజిన్ క్షణంలో చెప్పేస్తుంది గానీ, అది మన కంటికి ఎందుకు ఆనలేదో చెప్పదు. మనం బాగుచేసుకోవాల్సింది ఆ రెండోదాన్ని. తెలుగు కుటుంబంలో పుట్టి చెన్నైలో పెరిగిన గుకేశ్‌ను కోచ్ విష్ణు ప్రసన్న గ్రాండ్‌మాస్టర్ స్థాయికి వచ్చేదాకా ఇంజిన్ జోలికి పోనివ్వలేదు. చిన్నప్పటి నుంచీ ఇంజిన్‌తో పెరిగి పైకొచ్చినవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఇదొక్కటే దారి అనను. కానీ 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్‌తో గుకేశ్ ఆడిన ప్రపంచ టైటిల్ పోరులోని చివరి గేమ్ చూడండి. స్కోరు 6.5–6.5. ఇద్దరికీ చెరో ఏనుగు, చెరో శకటు, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. ఇంజిన్ లెక్కలో అది డ్రా. గుకేశ్ మాత్రం ఒత్తిడి తెస్తూనే ఉన్నాడు. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును ఎఫ్2 గడికి జరిపాడు. గుకేశ్ ఏనుగులు మార్చుకుని, మరుసటి ఎత్తులో శకటుకు శకటును ఎదురుపెట్టాడు. మూలన చిక్కిన డింగ్ శకటుకు తప్పించుకునే దారి లేదు. ఇక రాజులు, బంట్లే మిగిలాయి. ఆ అదనపు బంటు పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని ప్రపంచ ఛాంపియన్ను చేసింది.

మన ఊళ్లలోనూ ఇప్పుడు చెస్ అకాడమీలు కనిపిస్తున్నాయి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో గెలిచిన మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్‌ను 37 ఏళ్ల వయసులో, 2024లో మళ్లీ గెలిచింది. ఆమెను చూసి పిల్లల్ని చేర్పించే అమ్మానాన్నలకు ఒక్క మనవి. పిల్లవాడు ఓడి ఇంటికొచ్చిన రోజు ఫోన్‌లో ఇంజిన్ తెరవకండి. స్కోర్‌షీట్, పెన్సిలు చేతికిచ్చి, ఎక్కడ తప్పు జరిగిందనుకుంటున్నాడో రాయమనండి. ఇంజిన్‌ను మర్నాడు అడగొచ్చు.