రైలెక్కే సైకిల్

మడత ఎలక్ట్రిక్ సైకిల్‌కు 16 లేదా 20 అంగుళాల చిన్న చక్రాలు, నడుమ కీలున్న ఫ్రేము, చక్రం ఇరుసులోనే ఇమిడిన మోటారు ఉంటాయి. బ్యాటరీని ఊడదీసి ఇంట్లో చార్జి చేసుకోవచ్చు. మన దేశంలో మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న సైకిల్‌కు రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ అక్కర్లేదు.

తమిళనాడులో విరుదునగర్ నుంచి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టికి సుమారు 50 కిలోమీటర్లు. 36 వోల్టుల, 10 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 360 వాట్-అవర్లు నిలవ ఉంటాయి. పెడల్ తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు పది వాట్-అవర్ల దాకా ఖర్చవుతుంది; 35 కిలోమీటర్లు దాటితే అనుమానమే. పైగా ఆ దారి 44వ నంబరు జాతీయ రహదారి. లారీల పక్కన ఇంత నెమ్మదిగా పోవడం క్షేమం కాదు. ఈ రెండూళ్ల మధ్య దూరం రైలుకే వదిలేయాలి. సైకిల్ పనల్లా స్టేషన్‌కు ఇవతలా అవతలా ఉంటుంది. తెలుగు ఇంటిభాషగా పెరిగిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ సొంతూరు ఇడైసేవల్ కోవిల్‌పట్టికి దగ్గరే. అలాంటి పల్లెకు వెళ్లి రావడానికి ఒక్క చార్జి చాలు, అందుకు అర యూనిట్ కరెంటు కూడా కాలదు.

రైల్లో వెంట తీసుకెళ్లే పెట్టెకు 100×60×25 సెంటీమీటర్ల కొలత ఉంది. మడిచిన సైకిల్ మందం చాలా మోడళ్లలో 25 దాటుతుంది కాబట్టి స్టేషన్‌లో ముందే అడగాలి, సంచిలో పెట్టాలి, రద్దీ బండి ఎక్కకూడదు. బరువు 20 కిలోల దాకా ఉంటుంది. కొనేముందు తొక్కి చూడడం కన్నా మడిచి, ఎత్తి, మెట్లెక్కి చూడడం ముఖ్యం.

ఈ నల్లరేగడి సీమలో పెద్ద శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. మోటారున్న చక్రం ఊడదీయాలంటే వైరు విప్పి, బిగువైన నట్లు తిప్పాలి. చేయి తిరిగిన పంక్చరు మేస్త్రీ చక్రం ఊడదీయడు. టైరును ఒక పక్క రిమ్ము నుంచి తప్పించి, ట్యూబు బయటికి లాగి, ముల్లు వెతికి అతుకేస్తాడు. వానకు తడిసిన రేగడి చిన్న చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా పట్టేస్తుంది. ఆ రోజు తారు రోడ్డు దిగకపోవడమే మేలు. నైరుతి గాలులు వీచే నెలల్లో ఎదురుగాలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కోవిల్‌పట్టికి దక్షిణాన కయత్తారులో గాలిమరలు బారులు తీరింది ఆ గాలికోసమే. ఎండలో వేడెక్కిన బ్యాటరీని చల్లారాకే చార్జింగ్‌కు పెట్టాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూసుకోవలసింది కీలును. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపినప్పుడు నడుమ టక్కుమన్నదంటే వదులైనట్టే, బిగించేదాకా ఎక్కకూడదు. మడిచేటప్పుడు మోటారు వైరు కీలులో నలగకుండా చూడాలి.

ఇల్లూ పనీ ఒకే ఊళ్లో ఉన్నవారికి ఈ మడతతో పనిలేదు. వాళ్లు పెద్ద చక్రాల ఎలక్ట్రిక్ సైకిల్ కొనుక్కోవడమే మంచిది.