రుతువిరతి, మానసిక ఆరోగ్యం: పరిశోధన నిధుల పద్దులు - ఒక విమర్శ

వ్యాససంగ్రహం: రుతువిరతి దశలో స్త్రీల మానసిక స్థితిని పరిశీలించిన ప్రధాన అధ్యయనాలకు నిధులు ఏ పద్దు కింద అందాయి, ఆ పద్దు అధ్యయనాల పరిధిని ఎలా నిర్ణయించింది అన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది. చిన్న వయసులోనే గర్భసంచి తొలగింపునకు గురైన తెలుగు స్త్రీలు ఆ పరిధికి వెలుపల ఎలా మిగిలిపోయారో నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: రుతువిరతి, కుంగుబాటు, పరిశోధన నిధులు, గర్భసంచి తొలగింపు, సర్వేలు.

1. ప్రవేశిక

రుతువిరతి పరిశోధనకు నిధులు చాలడం లేదన్న మాటపై ఇప్పుడు పెద్దగా వివాదం లేదు. 2024 డిసెంబరులో అమెరికా జాతీయ అకాడమీలు వెలువరించిన నివేదిక ప్రకారం, 2013-2023 మధ్య ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్.ఐ.హెచ్.) పరిశోధన వ్యయంలో స్త్రీల ఆరోగ్యానికి దక్కినది 8.8 శాతం. ఐదేళ్లలో అదనంగా సుమారు 1,570 కోట్ల డాలర్లు అవసరమని ఆ నివేదిక ప్రతిపాదించింది. అదే ఏడాది మే నెలలో రుతువిరతి పరిశోధన, చికిత్సల కోసం 27.5 కోట్ల డాలర్ల బిల్లు సెనేట్ ముందుకు వచ్చింది, కానీ చట్టరూపం దాల్చలేదు.

ఈ అంకెలు అవసరమైనవే. అయితే చర్చ అంతా 'ఎంత' అన్న దగ్గరే ఆగిపోవడం వల్ల, వచ్చిన డబ్బు ఏ పద్దు కింద వచ్చిందన్న ప్రశ్న మరుగున పడింది. అధ్యయనంలో ఎవరిని చేర్చుకోవాలో, ఏ వయసు దగ్గర మొదలుపెట్టాలో, ఏమడగాలో నిర్ణయించేది ఆ పద్దే.

2. గుండె, ఎముక, క్యాన్సర్

1991లో ఎన్.ఐ.హెచ్. ప్రారంభించిన 'విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్' ఈ రంగంలో అతి పెద్ద ప్రయత్నాలలో ఒకటి. 50 నుంచి 79 ఏళ్ల వయసు గల 1,61,808 మంది స్త్రీలు అందులో చేరారు. హృద్రోగం, క్యాన్సర్, ఎముకలు విరగడం దాని ప్రధాన లక్ష్యాలు. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన ప్రయోగంలో 16,608 మంది పాల్గొన్నారు. రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరిగిందని, మొత్తం మీద మేలు కన్నా హాని ఎక్కువని తేలడంతో 2002 జులైలో దానిని మధ్యలోనే నిలిపివేశారు. ఈ చరిత్ర అందరికీ తెలిసినదే.

అంతగా చర్చకు రానిది 2003 నాటి ఫలితం. హార్మోన్ల వల్ల కుంగుబాటు లక్షణాలతో సహా జీవన నాణ్యతలో చెప్పుకోదగిన మార్పు లేదని ఆ ప్రయోగం ఆధారంగా ప్రకటించారు. ఫలితం తప్పు కాదు. కానీ పాల్గొన్నవారి సగటు వయసు 63. ముట్లు ఆగి పదేళ్లు దాటినవారే అందులో అధికం. ముట్లు తప్పుతూ, నిద్ర పట్టక, ఒళ్లంతా సెగలు కమ్మే నలభై ఏడేళ్ల స్త్రీ మనసు గురించి ఆ సమాధానం ఏమీ చెప్పజాలదు. దానికి అనుబంధంగా సాగిన జ్ఞాపకశక్తి అధ్యయనం సైతం 65 ఏళ్లు నిండినవారితో, మతిమరుపు వ్యాధిని దృష్టిలో పెట్టుకొని జరిగింది. వృద్ధాప్య రోగాలను నివారించే పద్దు కింద వచ్చిన డబ్బు వృద్ధాప్యపు ప్రశ్నలే అడిగింది.

3. 'స్వాన్' ప్రవేశ నియమం

ఈ లోటును చాలావరకు పూడ్చినది 1994లో ఆరంభమైన 'స్వాన్' అధ్యయనం. అమెరికాలో ఏడు చోట్ల, 42-52 ఏళ్ల వయసు గల 3,302 మందిని చేర్చుకొని ఏళ్ల తరబడి వెంబడించింది. రుతువిరతికి ముందరి సంధిదశలో కుంగుబాటు ముప్పు పెరుగుతుందన్న అవగాహనకు బలమైన ఆధారం ఇచ్చింది ఇదే. జీవితంలోని ఒత్తిళ్లను, గతంలోని కుంగుబాటును కూడా లెక్కలోకి తీసుకోవడం దీని విశిష్టత.

దాని పరిమితి కూడా అంతే స్పష్టం. శ్వేత, నల్లజాతి, హిస్పానిక్, చైనా, జపాన్ మూలాల స్త్రీలు అందులో ఉన్నారు, దక్షిణాసియా స్త్రీలు లేరు. జాతి కన్నా ముఖ్యమైనది ప్రవేశ నియమం: గర్భసంచి, కనీసం ఒక అండాశయం ఉన్నవారినే మొదట చేర్చుకున్నారు. సహజంగా వచ్చే రుతువిరతిని గమనించడానికి ఆ నియమం శాస్త్రీయంగా సబబే. కానీ ఆ ఫలితాలను తెలుగు నేలకు తెచ్చినప్పుడు ఆ నియమమే అడ్డుగోడ అవుతుంది.

ఎందుకంటే 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. శస్త్రచికిత్స నాటికి దేశవ్యాప్త మధ్యస్థ వయసు 34 ఏళ్లు. అండాశయాలనూ తొలగిస్తే రుతువిరతి ఆ రోజే వచ్చిపడుతుంది. వాటిని ఉంచినా, సహజంగా ఆగవలసిన వయసుకు ముందే వాటి పని సన్నగిల్లే అవకాశం పెరుగుతుంది. పైగా నెలసరి లేకపోవడంతో ఆ మార్పు ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. 'గర్భసంచి తీయించుకున్నప్పటి నుంచి నాలో నేను లేను' అని ఒక స్త్రీ అంటే, అది హార్మోన్ల మాటా, ఆపరేషన్ అప్పుల మాటా, కూలికి పోలేని నడుము నొప్పి మాటా అని తేల్చే అధ్యయనం 'స్వాన్' కాజాలదు.

4. రెండు సర్వేల నడుమ

భారతదేశంలో పద్దుల సమస్య మరో రూపంలో కనబడుతుంది. 2013 నాటి ఆర్.ఎం.ఎన్.సి.హెచ్.+ఎ కార్యక్రమం పేరులోనే ప్రత్యుత్పత్తి, తల్లి, నవజాత శిశువు, పిల్లలు, కౌమారం ఉన్నాయి. వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం 60 ఏళ్ల దగ్గర మొదలవుతుంది. సంతానం కనడం ముగిసిన నాటికీ వృద్ధాప్య పింఛను నాటికీ మధ్యనున్న స్త్రీకి పథకం లేదు. పథకం లేనిచోట పరిశోధనకు పద్దు దొరకడం కష్టం.

2015-16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే కుంగుబాటు స్త్రీలలోను, 40-49 ఏళ్లవారిలోను ఎక్కువని గుర్తించింది. రెండు వాక్యాలను పక్కపక్కన పెడితే రుతువిరతి గుర్తుకు రాక మానదు. కానీ వ్యాధి ఎంతమందిలో ఉందో లెక్కించడం ఆ సర్వే ఉద్దేశం. అదే వయసులో బిడ్డల పెళ్లిళ్లు, అత్తమామల సేవ, భర్త తాగుడు కూడా ఉంటాయి గనుక, ఆ అంకెను హార్మోన్ల ఖాతాలో రాయడం తొందరపాటే. సర్వే జరిగిన 12 రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవన్నదీ గమనార్హం.

45 ఏళ్లు దాటినవారిపై సాగుతున్న 'లాసి' అధ్యయనాన్ని ఇక్కడ మినహాయింపుగా చూపవచ్చు. మొదటి విడతలోనే 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. గర్భసంచి తొలగింపు గురించీ, కుంగుబాటు గురించీ అందులో అడిగారు. కేంద్ర ఆరోగ్య శాఖతో పాటు దీనికి నిధులిచ్చినవారిలో అమెరికా వృద్ధాప్య పరిశోధన సంస్థ ఉంది. 'స్వాన్'కు నిధులిచ్చినదీ అదే. ఆ సంస్థను తప్పుపట్టనవసరం లేదు. మధ్యవయసు స్త్రీ మనసుపై ఇంతటి సమాచారం దొరకడానికి దాని ఉదారతే ఒక కారణం. అయినా వృద్ధాప్యానికి పీఠికగా తప్ప ఆ వయసుకు సొంత పద్దు లేదన్న సంగతి ఇక్కడా రుజువవుతుంది.

ఫలితం ఇలా ఉంది. కుటుంబ ఆరోగ్య సర్వే శస్త్రచికిత్సను నమోదు చేసి 49 ఏళ్ల దగ్గర ఆగుతుంది, ఆ స్త్రీని మళ్లీ పలకరించదు. 'లాసి' మనసును కొలుస్తుంది, కానీ 45 దగ్గర మొదలవుతుంది. ఒకదానిలో ఆపరేషన్ అయిన స్త్రీ, మరొకదానిలో కుంగిపోయిన స్త్రీ వేర్వేరు మనుషులు. 34 ఏళ్లకు గర్భసంచి పోయిన స్త్రీ 'లాసి' గడప చేరడానికి 11 ఏళ్లు పడుతుంది. అప్పుడు ఆపరేషన్ ఎన్నో ఏట అయిందో ఆమె జ్ఞాపకం మీద చెప్పగలదు. అండాశయాలు ఉంచారో లేదో చాలామందికి ఎవరూ చెప్పి ఉండరు. ఆ 11 ఏళ్లలో ఎన్ని రాత్రులు నిద్ర లేదో, ఏ ఏడు దిగులు మొదలై ఏ ఏడు తగ్గిందో జ్ఞాపకం నుంచి రాబట్టగల ప్రశ్నావళి లేదు. ఆపరేషన్ జరిగిన ఏడాది నుంచే ఆ స్త్రీలను వెంబడించే అధ్యయనం ఒక్కటే దానికి మార్గం. అలాంటి ప్రతిపాదన తయారుచేసిన పరిశోధకుడు దానిని ప్రసూతి ఆరోగ్యం కింద పంపాలా, మానసిక ఆరోగ్యం కింద పంపాలా, వృద్ధాప్యం కింద పంపాలా అన్నది నేటికీ తేలలేదు.