గంటకో అంగుళం

మంగళవారం సాయంత్రం టీవీ తెర అడుగున ఎర్ర పట్టీ పరుగెత్తింది: శ్రీశైలానికి రెండు లక్షల టీఎంసీల వరద. చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఆగిపోయింది. నూటికి డెబ్బై అయిదేళ్లు కృష్ణలో నమ్మకంగా దొరికే నీరు ఏడాదికి 2,060 టీఎంసీలని బచావత్ ట్రిబ్యునల్ లెక్క. ఆ పట్టీని నమ్మితే, దాదాపు నూరేళ్ల కృష్ణ ఒక్క పూటలో వచ్చి పడిందన్నమాట. నేనింకా భాగహారంలో ఉండగానే మా ఆవిడ "క్యూసెక్కులయ్యుంటాయి లెండి" అని సీరియల్ పెట్టేసింది.

ఈ శీర్షిక పాత పాఠకులకు నా చాదస్తం తెలిసిందే. క్యూసెక్కు అంటే ధార, సెకనుకు ఒక ఘనపు అడుగు. టీఎంసీ అంటే రాశి, వంద కోట్ల ఘనపు అడుగులు. మధ్యలో కాలం చెప్పకుండా దీన్ని దానిలోకి మార్చలేం. లక్ష క్యూసెక్కులు రోజంతా వస్తే 8.64 టీఎంసీలు. ఈ అంకెను ఎన్నిసార్లు రాశానంటే, ఒకాయన కవరు మీద నా పేరుకు బదులు "ఎనిమిది పాయింట్ అరవై నాలుగు గారికి" అని రాశారు. పోస్ట్‌మన్ తిన్నగా తెచ్చి నా చేతికే ఇచ్చాడు.

చాదస్తంలో రెండో భాగమూ ఉంది. 1956లోనే మెట్రిక్ కొలతల చట్టం చేసుకున్నాం, నదుల్ని మాత్రం ఇంకా అడుగుల్లోనే కొలుస్తాం. కేంద్ర జలసంఘం వరద అంచనాలు క్యుమెక్కుల్లో చెబుతుంది, మన ఇరిగేషన్ వాళ్లు క్యూసెక్కుల్లో చెబుతారు. క్యుమెక్కుకు 35.31 క్యూసెక్కులు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక పది లక్షల క్యూసెక్కులకు. అదే 28,317 క్యుమెక్కులంటే గోదావరి చిక్కిపోయినట్టుంటుంది. అయినా సరే, మీటర్లలోకి మారాల్సిందేనని ఇక్కడ మూడుసార్లు రాశాను. ఈ వారం నాలుగోసారి రాద్దామని కూర్చున్నాను కూడా.

అంతలో వినుకొండ అవతల ఉండే మా బావమరిది ఫోను. "బోరు పడింది బావా, రెండున్నర ఇంచులు!"

"గంటకెన్ని లీటర్లురా?"

"ఇంచులు చెప్తుంటే లీటర్లంటావేంటి?"

బోరు బండి వాళ్ల పద్ధతి చూసినవాళ్లకు తెలుసు. పైకొచ్చిన నీళ్లను చిన్న కాలవలోకి మళ్లించి, వీ ఆకారంలో గండి కోసిన రేకును అడ్డంగా పాతుతారు. గండిలో నీళ్లు ఎంత ఎత్తున పొర్లితే అన్ని ఇంచులు. లంబకోణపు గండిలో ఒక ఇంచు అంటే గంటకు అయిదొందల లీటర్ల పైచిలుకు. రెండు ఇంచులంటే వెయ్యి అనుకుంటాం గానీ, మూడు వేలకు దగ్గర పడుతుంది. ఎత్తు రెట్టింపైతే గండిలో వెడల్పూ రెట్టింపవుతుంది, అక్కడికి నాలుగు రెట్లు. పైగా నీటి వేగం ఒకటిన్నర రెట్లకు కాస్త తక్కువగా పెరుగుతుంది. మొత్తం అయిదున్నర రెట్ల పైనే. పక్క చేను వాడికి ఇంచుంబావు పడిందట. వాడికంటే తనకు రెట్టింపు నీళ్లున్నాయని మావాడు ఇన్నాళ్లకు కాలరెత్తుకుంటుంటే, తన నీళ్లను తనే తక్కువ చేసుకుంటున్నాడని చెప్పబుద్ధి కాలేదు.

"గంటకు అయిదు వేల లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు నలభై అయిదు వేలు" అన్నాను.

"అది సరే, ఎకరంలో ఎంత లోతున నిలుస్తాయో చెప్పు."

అక్కడ గుర్తొచ్చాడు మా మేజరు మీది లస్కరు. సాగర్ కుడి కాలువ నిండుగా పారితే 11,000 క్యూసెక్కులు, రోజుకు టీఎంసీకి కాస్త తక్కువ. అంత నీరూ చీలికలు పేలికలై మా తూము దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్యూసెక్కు. వంతుల రోజుల్లో లస్కరు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని కూర్చునేవాడు. ఎవరెంత వాదించినా ఒకటే మాట: "గంట పారితే ఎకరంలో అంగుళం. పైన ఇంకొక్క నిమిషం ఇవ్వను."

అప్పుడే ఇంటర్‌లో చేరిన నేను, నోటుపుస్తకంతో వెళ్లి నిలదీశాను. ఎకరం 43,560 చదరపు అడుగులు, అందులో అంగుళం నీళ్లంటే 3,630 ఘనపు అడుగులు. గంటలో సెకన్లు 3,600. మాకు ముప్పై అడుగులు తక్కువ ఇస్తున్నావన్నాను. లస్కరు చుట్ట తీసి గట్టున పెట్టాడు. "ఆ ముప్పయ్యీ బోదెలో ఎండ్రకాయ బొక్కల్లోకి పోతయ్‌లే బాబూ. మీ నాన్నని లేపు, వంతొచ్చింది."

నాన్నకు డివిజనూ రాదు, డెసిమలూ రాదు. క్యూసెక్కును గడియారంతో, చేను విస్తీర్ణంతో ముడేసుకుని అర్ధరాత్రి నిద్రలో కూడా మార్చేవాడు. మూడెకరాలకు రెండంగుళాల తడి అంటే ఆరు గంటలు. ఇదే పని మెట్రిక్కులో చేసి చూశాను. సెకనుకు ఒక లీటరు, గంటసేపు, హెక్టారు మీద: 0.36 మిల్లీమీటర్లు. పొలానికి తీసుకెళ్లే లెక్కేనా ఇది? పాసుపుస్తకంలో ఎకరాలూ సెంట్లూ ఉన్నన్నాళ్లు మా తూముకు క్యుమెక్కు చుట్టం కాదు. రాసిన మూడు కాలమ్‌లనూ వెనక్కి తీసుకుంటున్నాను, ఎనిమిది పాయింట్ అరవై నాలుగును తప్ప.

బావమరిది లైన్లోనే ఉన్నాడు. ఎకరం మీద అంగుళం నీళ్లంటే లక్షా రెండు వేల ఏడొందల లీటర్ల పైమాటే. లస్కరు తూము గంటలో ఇచ్చే తడిని నీ బోరు ఇరవై గంటలు దాటి తోడాలి, మూడో రోజు కరెంటు వచ్చాక గానీ తెమలదు అని చెప్పాను.

కాసేపు మాట లేదు.

"బత్తాయి మూడెకరాల్లో పెడదామనుకున్నా బావా."

"డ్రిప్పు వేస్తావా?"

"డ్రిప్పుకు లెక్క మళ్లీ గంటకు లీటర్లలోనేగా చెప్తారు?"

"అవును."

"అయితే నువ్వు ఆదివారం ఇటు రా" అన్నాడు.