డస్ట్ వద్దు మేస్త్రీ

మొయినాబాద్, చేవెళ్ల వైపు ఫామ్‌హౌస్ కడితే పక్కన ఈతకొలను ఉండాల్సిందే ఇప్పుడు. దాని చుట్టూ వేసే పేవర్లకు ఏ రంగు బాగుంటుందో ఇంటిల్లిపాదీ వాదించుకుంటారు. కింద ఏం పోస్తున్నారని అడిగేవాళ్లు మాత్రం అరుదు. నేనైతే ముందు అదే అడుగుతాను.

మేస్త్రీల జవాబు దాదాపు ఒకటే: “డస్టే సార్, నీళ్లు కొడితే సిమెంటులా పట్టేస్తుంది.” కారు పెట్టుకునే చోట ఆ మాట చెల్లుతుందేమో గాని, కొలను గట్టున చెల్లదు. క్రషర్ డస్ట్‌లో మెత్తటి పొడి ఎక్కువ. పీల్చిన నీళ్లను ఓ పట్టాన వదలదు. పిల్లలు దూకినప్పుడల్లా గట్టు తడుస్తూనే ఉంటుంది. కొన్నాళ్లకు పేవర్ మీద కాలు పెడితే సందుల్లోంచి బురదనీళ్లు చిమ్ముతాయి.

పేవర్ల కింద పరిచే బెడ్‌కి గరుకు ఇసుకే కావాలి. కడిగిన నది ఇసుకైనా, పొడి తీసేసిన రోబో ఇసుకైనా సరే, 4.75 మి.మీ. జల్లెడలోంచి దిగితే చాలు. మందం 25 మి.మీ. ఉంచండి, 40 దాటనివ్వకండి. బెడ్ కింద ఉండే బేస్‌లో ఎత్తుపల్లాలను ఇసుకతో సర్దేయడం మనవాళ్లకు అలవాటు. తర్వాత గుంటలు పడేది అక్కడే. పిడికెడు తడి ఇసుక అరచేతుల్లో రుద్ది పారబోయండి. చేతికి మట్టి అంటుకుపోతే లారీని వెనక్కి పంపండి. ఆ గొడవేదో లోడు దించకముందే పడాలి, దించాక ఎవరూ వినరు. సందుల్లో నింపడానికి వేరే ఇసుక: ఇంకా సన్నంగా, బాగా ఎండినది. సముద్రపు ఇసుక దేనికీ వద్దు, ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది.

ఇసుక ఎంత మంచిదైనా కింద మట్టి కుంగితే లాభం లేదు. కొలను గోడ వెనక మిగిలిన గుంతను తవ్విన మట్టితోనే పూడ్చేస్తారు. గోడ కదలదు, మట్టి వానలకు కూర్చుంటుంది. గోడ పక్క వరస కుంగేది అందుకే. నల్లరేగడైతే మరీ అన్యాయం, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాన్ని తీయించి మొరం పోయించండి. 150 మి.మీ. చొప్పున పొరలుగా, పొరపొరకూ చిన్న కంపాక్టర్ నడపాలి. పెద్ద రోలర్‌ని గోడ దగ్గరికి రానివ్వద్దు. ఆపైన కంకర, కంకర మీద ఇసుక జారిపోకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ. వాలు కొలనుకు ఎదురుదిక్కున, 50కి 1.

రేటు మాట్లాడుకునేటప్పుడు బేస్ పనికి విడిగా రాయించుకోండి. అడుక్కి ఇంత అని మొత్తం కలిపేస్తే ముందు కోత పడేది కంకరకే.