చేతిలో కాగితాలతో ఆడే నాటకం

మన దగ్గర నటుడు కాగితం పట్టుకుని స్టేజీ ఎక్కితే పోర్షన్ రాలేదంటారు. అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌ఫర్డ్ అనే ఊళ్ళో మాత్రం ఏటా వేసవిలో చేయి తిరిగిన నటీనటులు ప్రేక్షకుల ముందు స్క్రిప్టు పట్టుకునే ఆడతారు. ఆ కాగితాల్లో తెల్లవి రచయిత ఇంటి దగ్గర్నుంచి తెచ్చినవి. మధ్యమధ్య కనిపించే రంగు కాగితాలు ఇక్కడికొచ్చాక తిరగరాసినవి. నిన్న పొద్దుపోయాక రాసిన మాట ఇవాళ రాత్రి ప్రేక్షకుడి చెవిన పడుతుంది. కంఠతా పట్టే వ్యవధి ఎవరికీ ఉండదు. ఉండకపోవడమే మంచిది. నోటికొచ్చేసిన మాటను మార్చమంటే నటుడికి ప్రాణం మీదికొస్తుంది, అడగడానికి రచయితకూ మొహమాటం. కాగితం చేతిలో ఉన్నంతసేపూ నాటకం ఇంకా పచ్చిగానే ఉందన్న సంగతి అందరికీ గుర్తుంటుంది.

యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్ పద్ధతి ఇది. 1964లో జార్జ్ వైట్ దీన్ని స్థాపించాడు. సముద్రపు ఒడ్డున పాడుపడిన పాత భవంతి ఒకటి ఉండేది. మంటలార్పడం నేర్పడానికి ఆ ఇంటిని తగలబెడదామని ఊరివాళ్ళు అనుకుంటున్న సమయంలో వైట్ దాన్ని నాటకానికి అడిగి తీసుకున్నాడు. పక్క ఊరు న్యూ లండన్‌లోనే నాటక రచయిత ఓనీల్ చిన్నప్పటి వేసవులు గడిచాయి గనక ఆయన పేరే పెట్టారు. మరుసటి ఏడు నాటక రచయితల మొదటి సదస్సు జరిగింది. ఆరుబయట చెట్టు కింద ఒక వేదిక, పాత కొట్టంలో ఇంకొకటి. మొదట్లో ఒక తీరూ తెన్నూ లేదు. 1968లో దర్శకుడు లాయిడ్ రిచర్డ్స్ చేతికి వచ్చాక, 1999 దాకా ఆయన నడిపిన మూడు దశాబ్దాల్లో దానికో రూపం వచ్చింది.

రిచర్డ్స్ పెట్టిన కట్టుబాట్లన్నీ రచయిత చుట్టూ అల్లినవే. ఎవరైనా సరే స్క్రిప్టు పంపుకోవచ్చు, సిఫారసు అక్కర్లేదు. ఎంపికైనవాళ్ళు వేసవికి ముందే ఒకసారి కలుసుకుని, ఎవరి నాటకం వాళ్ళే పైకి చదవాలి. నటులు చదివితే వాళ్ళ గొంతు నాటకాన్ని మోసేస్తుంది. రచయిత తానే చదివితే తన మనసులో ఏ పాత్ర ఏ స్థాయిలో మాట్లాడుతోందో దర్శకుడికి తెలుస్తుంది. ఎక్కడ గొంతు తడబడిందో రచయితకే తెలుస్తుంది. ఆ తర్వాత వేసవిలో నటులతో కొద్ది రోజుల రిహార్సలు, రెండు ప్రదర్శనలు. ఆ రెంటికీ నడుమ రాసుకోవడానికి వ్యవధి ఇస్తారు. సెట్టింగులు ఉండవు. ఏ నాటకానికైనా అవే చెక్క దిమ్మలు అటూ ఇటూ జరిపి గదో అరుగో చేసుకుంటారు. డబ్బులేక కాదు. సెట్టు అందంగా ఉంటే రాతలోని చిల్లు కనబడదు.

ప్రతి నాటకానికీ డ్రామాటర్జ్ అనే మనిషిని కేటాయిస్తారు. ఈ పనికి మన నాటకరంగంలో పేరే లేదు. దర్శకుడు ప్రదర్శన గురించి ఆలోచిస్తాడు, నటుడు తన పాత్ర గురించి. రచయిత ఏం చెప్పాలనుకున్నాడు, కాగితం మీద ఏం పడింది అని ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసే బాధ్యత ఈయనది. మంచి డ్రామాటర్జ్ సలహా ఇవ్వడు, అడుగుతాడు: ఈ అమ్మాయికి ఈ సంగతి ముందే తెలుసా? తెలిస్తే ఇంతసేపు ఎందుకు ఊరుకుంది? జవాబు రచయితే వెతుక్కోవాలి.

ఆగస్ట్ విల్సన్ ఇక్కడి నుంచే వచ్చాడు. పిట్స్‌బర్గ్‌లో పుట్టి, పదిహేనేళ్ళకే బడి మానేసిన కవి. మినియాపొలిస్‌లో 1971 నుంచి ప్లేరైట్స్ సెంటర్ అని ఇలాంటిదే మరో సంస్థ ఉంది. అక్కడి ఫెలోషిప్‌తో తోటి నాటకకర్తల మధ్య కూర్చున్నాకే తానూ నాటకకర్తనన్న నమ్మకం కుదిరిందని ఆయన చెప్పుకున్నాడు. ‘జిట్నీ’ నాటకాన్ని వాటర్‌ఫర్డ్‌కు పంపితే తిరిగొచ్చింది. సరిగా చదివి ఉండరని మళ్ళీ పంపాడు. మళ్ళీ తిరిగొచ్చింది. 1982లో ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ తీసుకున్నారు. మరుసటి ఏడు ‘ఫెన్సెస్’ వచ్చింది. మొదటి ప్రదర్శన నాలుగు గంటలు దాటింది. కవి గనక ప్రతి పాత్రా ఒక ప్రవాహం. చదువుకుంటే ఒక్క వాక్యం వదలబుద్ధి కాదు. కానీ ప్రేక్షకుల మధ్య కూర్చుని వింటే కుర్చీల కిర్రుమనే చప్పుడు ఏ పేజీ దగ్గర మొదలైందో రచయితకు ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు. విల్సన్ కోశాడు, తిరగరాశాడు. 1987లో ఆ నాటకం బ్రాడ్వేకి చేరి పులిట్జర్ బహుమతి అందుకుంది. దర్శకుడు రిచర్డ్సే.

అదృష్టం కొద్దీ మనకూ ఇలాంటి ముచ్చట ఒకటుంది. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. ఈనాడు మనం చదివే ‘కన్యాశుల్కం’ అది కాదు, 1909 నాటిది. గురజాడ దాన్ని దాదాపు కొత్తగా రాశాడు. మనం తలుచుకునే మధురవాణి ఆ రెండో రాతలోనే అంత ఎదిగింది. జనం ముందుకు వెళ్ళొచ్చిన నాటకాన్ని మళ్ళీ బల్ల మీదికి తెచ్చుకోవడం ఎంత గొప్ప పనో చెప్పడానికి మనకు వాటర్‌ఫర్డ్ అక్కర్లేదు. కాకపోతే గురజాడ ఆ పని ఒంటరిగా చేశాడు.

మనకు పరిషత్తులున్నాయి. 1929లో తెనాలిలో మొదలైన ఆంధ్ర నాటక కళా పరిషత్తు నాటి నుంచి ఇప్పటిదాకా ఊరూరా జరిగే పోటీలే లేకపోతే తెలుగులో కొత్త నాటిక బతికేది కాదు. వాటికి చెయ్యెత్తి నమస్కరించాలి. అయితే పరిషత్తుకు వెళ్ళేది తయారైన నాటిక. గుణదోష విశ్లేషణ జరిగేది తెర పడ్డాక. ఒకసారి నా నాటిక పోటీలో ఆడిన మర్నాడు, తిరుగు బస్సులో, మూడో సీను ఎక్కడ తెగిందో నాకు స్పష్టంగా కనబడింది. మారుద్దామన్నాను. “ఇంకా నాలుగు ఎంట్రీలున్నాయి గురువుగారూ, ఇప్పుడు కదిలిస్తే మొత్తం పోతుంది” అన్నాడు దర్శకుడు. ఆయన మాటా నిజమే. అందరికీ పోర్షన్ వచ్చేసింది. తెగిన సీనుతోనే ఆ నాలుగు చోట్లా ఆడారు.

తర్వాతి నాటికకు నటీనటుల్ని ఎంచకముందే ఐదుగురిని మా డాబా మీదికి పిలిచాను. జిరాక్సు కాపీలు, పెన్సిళ్ళు, ఫ్లాస్కులో టీ. తల్లి పాత్ర చదువుతున్న నటి ఒక మాట దగ్గర ఆగింది. “ఇంత జరిగాక ఈవిడ కొడుకుని ‘అన్నం తిన్నావా’ అని అడుగుతుందాండీ?” అంది. నేను ఎంతో ఇష్టపడి రాసుకున్న వాక్యం అది. సీనంతా దాని మీదే నిలబడిందనుకున్నాను. కొట్టేసి మళ్ళీ చదవమన్నాను. ఈసారి ఆవిడ ఆ చోట కాగితం లోంచి తలెత్తి, ఎదుట కూర్చున్న కుర్రాడి వంక కాసేపు చూసి, పేజీ తిప్పింది. ఆ కుర్రాడు తన తర్వాతి డైలాగు చెప్పడం మరిచిపోయాడు.