మాస్లో మెట్లూ, కారంచేడు చెరువూ

కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో డీఎస్సీకి చదివేవాళ్లకు మాస్లో పిరమిడ్ నోటికొచ్చు. అడుగున ఆకలిదప్పులు, ఆపైన భద్రత, ప్రేమ, గౌరవం, కొసన ఆత్మ ప్రస్తావన. అది ఒక బిట్టు ప్రశ్న. ఆ క్లాసుల్లో మన వాడల పిల్లలూ ఉన్నారు. వాళ్లకు ఆ మార్కు కావాలి, కాదనడం లేదు. కాని ఆ బొమ్మ వాళ్ల బతుకు గురించి చెబుతున్నది నిజమేనా?

కింది మెట్టు తీరితేగాని పై మెట్టు అవసరం పుట్టదని గైడ్లు నేర్పుతాయి. అంటే కడుపు నిండనోడికి గౌరవంతో పనిలేదనే గదా! ఊళ్లో దొర చెప్పేదీ ఇదే. తిండికి లేనోడికి రోషమెందుకంటాడు.

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ తన జనంతో వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగింది దప్పికకు కాదు, మనుషులుగా తమ హక్కు నిలబెట్టుకోవడానికి. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ యువకులు గేదెల కుడితితో పాడుచేశారు. ఇదేమని అడిగినవాణ్ణి కొట్టబోతే సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. నీళ్లు మొదటి మెట్టు, ప్రాణభద్రత రెండోది, గౌరవం నాలుగోది అంటారు. ఆ బిందెలో మూడూ కలిసే ఉన్నాయి. ఇల్లూ వాకిలీ వదిలి చీరాల శిబిరంలో తలదాచుకున్నవాళ్లు భద్రత తీరేదాకా ఆగలేదు. ఆ పోరాటం నుంచే అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది.

మాస్లోకు అన్యాయం చేయకూడదు. ఈ క్రమం అందరికీ ఒకేలా ఉండదని, ఆదర్శం కోసం అన్నీ వదులుకునేవాళ్లుంటారని 1943 వ్యాసంలో ఆయనే రాశాడు. అందులో పిరమిడ్ బొమ్మే లేదు. తర్వాత మేనేజ్‌మెంట్ వాళ్లు గీసిన బొమ్మను గైడ్లు ఉంచుకుని ఆయన సందేహాలను పారేశాయి.

మన గడ్డ మీద జరిగిన ప్రయోగం సంగతి ఇంకా చూడాలి. 1960లలో మెక్లెలాండ్ కాకినాడ చిన్న వ్యాపారులకు హైదరాబాదులోని సియెట్ సంస్థలో 'సాధన ప్రేరణ' శిక్షణ ఇప్పించాడు. 1969లో వింటర్‌తో కలిసి పుస్తకం వేశాడు. సంప్రదాయ నమ్మకాలు వ్యాపారికి అడ్డు కావని, తగిన శిక్షణతో ప్రేరణ పెంచవచ్చని దాని సారాంశంగా కామర్స్ పుస్తకాలు ఇప్పటికీ చెబుతాయి.

ఇక్కడే తిరకాసు. శిక్షణకు పోయినవాళ్లకు అప్పటికే దుకాణమో మిల్లో ఉంది. కులాన్ని తలలో ఉండే నమ్మకంగా చూస్తే అది అడ్డు కాదనే తేలుతుంది. కులమంటే భూమి, పెట్టుబడి, అప్పు పుట్టడం, సరుకు కొనేవాడు దొరకడం. మాలోడు హోటల్ పెడితే ఊళ్లో ఎంతమంది తింటారు? గిరాకీ లేక మూతపడితే అది వాడి ప్రేరణ లోపమా? వ్యాపారి మనసును కొలిచినవాళ్లు, అప్పు ఇచ్చేవాడి మనసునూ, తినకుండా పోయేవాడి మనసునూ కొలవాలి. మన సైకాలజీ విద్యార్థులు ఆ పని ఎత్తుకుంటే బాగుంటుంది.